రెండంతస్తుల కింద

లూయెన్ గొట్టాన్ని వెలుతురుకెత్తి చూసింది. రోగి వెన్నులోంచి తీసిన నీరు, అడుగున కంటికి ఆనీ ఆనని మడ్డి. మందు కలిపి, కుదిపి, పావుగంట ఆగి యంత్రంలో పెట్టింది. పేరు పుస్తకంలో ఎక్కించింది: బూయ్ థి లాయ్, స్త్రీ, యాభై రెండేళ్లు.

సైగాన్‌లోని ఆ క్షయ ఆసుపత్రిలో పదిహేడేళ్లుగా ఆమె పని ఇదే. మెదడుకెక్కిన క్షయ ఏ మందుకు లొంగదో తెలియడానికి పూర్వం ఆరు వారాలు పట్టేది. అప్పటికి మనిషి ఉండేది కాదు. ఇప్పుడు క్రిమి జన్యువును చదివి యంత్రం గంటన్నరలో చెప్పేస్తోంది. రోగుల మొహాలు మాత్రం లూయెన్ ఎరగదు. పొద్దున్నే స్కూటర్ మీద రావడం, సాయంత్రం వెళ్లి తల్లికి చేపల పులుసు కాచి పెట్టడం, అంతే ఆమె బతుకు.

ఆవేళా గది తుడవడానికి కొత్తమ్మాయే వచ్చింది. పద్నాలుగేళ్లుగా రోజూ వచ్చే బై అక్క వారంగా కనబడడం లేదు. అత్తగారి తద్దినానికి ఊరెళ్లిందనుకున్నారు. బై అంటే ఏడు. పుట్టిన వరసను బట్టి అందరూ అలాగే పిలిచేవారు. నేల తుడుస్తూ యంత్రం దగ్గర ఆగేది బై అక్క. "దీని భోగం నాకు లేదే చెల్లీ! చల్లటి గదిలో కూర్చుని గంటన్నరకో ముద్ద తింటుంది" అనేది. పోయిన నెల తల పగిలిపోతోందంటే లూయెన్ ఒక మాత్ర చేతిలో పెట్టి తన పనిలో పడిపోయింది.

పదిన్నరకు ఫలితం వచ్చింది. క్రిమి ఉంది. అసలు మందుకే లొంగని రకం. వార్డుకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. కాగితం పట్టుకుని రెండంతస్తులు దిగి, మొదటిసారిగా వార్డులోకి వెళ్లింది.

పన్నెండో మంచం మీద ఉన్నది బై అక్క.

లూయెన్ కాగితంలోని పేరు మళ్లీ చదివింది. లాయ్. అంటే మల్లె. పద్నాలుగేళ్లలో ఆ పేరు అడగలేదు. బై అక్క కళ్లు తెరిచే ఉన్నాయి గానీ దేన్నీ చూడడం లేదు. పక్కనున్న కూతురు థామ్, చెప్పుల ఫ్యాక్టరీ చొక్కాతోనే ఉంది, లేచి నిలబడింది.

"యంత్రం పిన్నివి నువ్వేనా? అమ్మ రోజూ నీ కబుర్లే చెప్పేది."

లూయెన్ కాగితాన్ని డాక్టర్‌కు అందించింది. ఆయన అది చూసి నిమిషాల్లో మందులు మార్పించాడు.

"ఇది సరైన మందేనా పిన్నీ?"

"సరైనదేనమ్మా" అంది లూయెన్. అది నిజమే.

మళ్లీ పైకెళ్లి మరో మూడు నమూనాలు పెట్టింది. చేతులు వాటంతటవే పనిచేశాయి. నాలుగు దాటాక ఫోన్ మోగింది. బై అక్క పోయింది. మందు మారి అప్పటికి ఆరు గంటలైనా కాలేదు.

తల్లి సామాన్లు ఎక్కడుంటాయో థామ్‌కు తెలియదు. లూయెనే మెట్ల కింద పనివాళ్ల మూలకు తీసుకెళ్లింది. రబ్బరు తొడుగులు, చీపుళ్లు, బకెట్లు. థామ్ తల పైకెత్తి, ఇవన్నీ అమ్మవేనా అని అడిగింది. లూయెన్ తలూపింది.

కిటికీ ఊచకు కట్టిన తాడు మీద, ఒకసారి వాడి పారెయ్యవలసిన మాస్కులు నాలుగు, సబ్బుతో ఉతికి ఉతికి పల్చబడి, క్లిప్పులకు వేలాడుతూ ఆరుతున్నాయి.