నీడ లేని మధ్యాహ్నం

ఇరవై రెండేళ్లుగా మా ఆయన కిథింజి చేసేది ఒకటే పని. నన్యుకీ ఊరి దగ్గర భూమధ్యరేఖ అని రాసిన పలక పక్కన, అడుగున చిల్లున్న బేసిన్‌లో నీళ్లు పోసి అగ్గిపుల్ల వేస్తాడు. గీతకు ఉత్తరంగా ఇరవై అడుగులు నడిచి పోస్తే పుల్ల ఒక వైపు తిరుగుతుంది, దక్షిణంగా నడిచి పోస్తే రెండో వైపు. చూడవచ్చిన యాత్రికులు నోరెళ్లబెడతారు. అదంతా పోసేటప్పుడు ఆయన నడుము తిప్పే తీరులో ఉందని పెళ్లయిన నెలకే కనిపెట్టాను. కాలేజీలో భూగోళం చదివినదాన్ని. అయినా ఇల్లు గడిచేది దానితోనే కనుక నోరు మూసుకున్నాను.

ఈ ఏడాది ఆయన ఎడమ మోకాలు పోయింది. ఆ వైపు తిరగలేడు.

మార్చి ఇరవైన మా అమ్మాయి గాకీ తరగతి అక్కడికి వస్తోంది. నాన్న నీళ్లను రెండు వైపులా తిప్పుతాడని అది బడంతా చాటింది.

"నేను పోస్తాను, నువ్వు మాట్లాడు, గాకీ అమ్మా," అన్నాడు ఆ రోజు పొద్దున్నే.

"నాచేత అబద్ధం చెప్పించకు."

"ఇన్నేళ్లూ ఆ అబద్ధాన్నే తిన్నావుగా! ఉప్పు సరిపోయిందా?"

టీ ఫ్లాస్కు, ఒక నారింజ, చాకు సంచిలో వేసుకుని వెంట నడిచాను.

ఉత్తరాన బాగానే జరిగింది. కాలీడ్చుకుంటూ దక్షిణానికి వచ్చి పోశాడు. పుల్ల మళ్లీ అటే తిరిగింది.

"గాకీ, మీ నాన్న గీత అరిగిపోయిందే!" అంది ముందు వరుస పిల్ల. అందరూ నవ్వారు. గాకీ తన బూట్లకేసి చూసుకుంటోంది.

"ఇంకోసారి..." అన్నాడు కిథింజి. చెంబు మళ్లీ నింపుకున్నాడు.

"నీళ్ల సంగతి వదిలేయండి, అది ఆయన చేతి కిటుకు," అన్నాను. ఆయన నా వైపు చూడలేదు. నారింజ తీసి చుట్టూ చాకుతో మూడు గీతలు గీశాను. "నడుమ ఉన్నది మనం. పైన కర్కట రేఖ, కింద మకర రేఖ. సూర్యుడు నడినెత్తికొచ్చేది ఆ రెండింటి మధ్యనే. జూన్‌లో దానిమీద, డిసెంబరులో దీనిమీద. పోతూ వస్తూ మనల్ని రెండుసార్లు దాటుతాడు." రెండు కొసల దగ్గరా చిన్న వలయాలు గీశాను. "మన నుంచి కర్కట రేఖ ఎంత దూరమో, ధ్రువం నుంచి ఈ పై వలయం అంతే దూరం. సూర్యుడు కర్కట రేఖ మీదున్న రోజు ఈ పై వలయం దగ్గర పొద్దు గుంకదు. కింది వలయం దగ్గర పొడవదు."

"మరి మనకో?" అంది ఆ పిల్లే.

"మనకేముంది! ఏడాది పొడుగునా పగలెంతో రాత్రీ అంతే. ఈరోజు మాత్రం సూర్యుడు మన నడినెత్తికొస్తాడు, కాస్త ఆగండి."

పన్నెండున్నర దాటింది. గాకీ వెళ్లి తండ్రి చేతికర్ర తీసుకుని నిలబెట్టింది. "నాన్నా, కదలకుండా పట్టుకో."

పట్టుకున్నాడు. నీడ కుంచించుకుపోయి కర్ర కిందికే చేరింది. పిల్లలు తమ నీడలను తామే తొక్కుకుంటూ గోల చేశారు. గాకీ తలెత్తింది.

వాళ్లు వెళ్లాక కిథింజి బేసిన్ బోర్లించి దానిమీద కూలబడ్డాడు.

"రేపూ ఇదే చూపించొచ్చా?"

"రేపటికి తేడా కనబడదు. వారం తిరిగేసరికి నీడ రెండు వేళ్లు పక్కకి జరుగుతుంది. మళ్లీ సెప్టెంబరులోనే."

"అందాకా?"

టీ పోసి ఇచ్చాను. నాకూ కాళ్లు లాగుతున్నాయి.

"ఆ నడుము తిప్పడమేదో నాకు నేర్పు," అన్నాను. "చేతి కిటుకని ముందే చెప్పి మరీ పోస్తాను."

"చెబితే ఎవరు చూస్తారే?" అన్నాడు. అంటూనే మోకాలు పట్టుకుని లేచి, బేసిన్‌ను నా వైపు తోశాడు.