ఖాళీ గడి మీద పడ్డ ముద్ర

నేను ఒక రబ్బరు స్టాంపుని. గొప్పగా చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు, ఉన్నదేమో చెప్పుకుంటే సిగ్గు. నా మొహం మీద 'లోపములు సవరించి తిరిగి దాఖలు చేయవలెను - వాపసు' అని తిరగబడిన అక్షరాలు ఉండేవి. పుట్టింది బస్టాండు ఎదుట ఒక బడ్డీలో. అక్షరాలు ఒక్కొక్కటే పేర్చి, రబ్బరు అచ్చుపోసి, మామిడి చెక్క పిడికి అతికించిన ముసలాయన నన్ను తన అరచేతి మీదే గుద్దుకుని చూసి, "బాగా పడింది, చాన్నాళ్లు పనిచేస్తావు" అన్నాడు. అన్నట్టే చేశాను, నా కర్మ.

నన్ను కొనుక్కుపోయింది కుటుంబ న్యాయస్థానానికి. ఊరి పేరెందుకులెండి. అర్జీలు తీసుకునే కిటికీ దగ్గర హెడ్ గుమస్తా కూర్మారావు గారి చేతిలో పడ్డాను. మంచి మనిషి, వెటకారానికి అనడం లేదు. ఎండన పడి వచ్చినవాళ్లకి తన కూజాలోంచి నీళ్లు వంచి ఇచ్చేవారు. అయితే ఫారంలో గడి ఖాళీగా కనిపించిందా, కంట్లో నలుసు పడ్డట్టు గిలగిల్లాడిపోయేవారు.

ఆ ఫారం ఏ కాలం నాటిదో! దాని లెక్కలో కుటుంబమంటే నాన్న, అమ్మ, పిల్లలు. వచ్చే జనమేమో ఆ గడుల్లో ఇమిడే రకం కాదు. పెళ్లి కాకుండానే పదేళ్లు కాపురం చేసినవాళ్లు, మారుతండ్రి పేరే కావాలని పట్టుబట్టే పిల్లలు, పెళ్లి వద్దనుకుని పిల్లని పెంచుకుంటున్న టీచరమ్మ. మనుషులు ఇళ్లలో ఎప్పుడో సర్దుకున్నారు, కాగితమే సర్దుకోలేదు. నాకదేం పట్టింది! ఇంకులో మునగడం, ధన్‌మని పడడం. నిజం చెప్పొద్దూ, ఆ చప్పుడంటే నాకు మహా సరదాగా ఉండేది.

అలాంటి రోజుల్లో సింహాలమ్మ వచ్చింది. జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే మనిషి. పిక్కల్లోంచి కారే జీడి తగిలి వేళ్లన్నీ నల్లగా కాలిపోయి ఉన్నాయి. మొగుడు గున్నయ్య పదిహేనేళ్ల కిందట ఇల్లు వదిలి పోతే, తన పక్కన కూర్చుని పిక్కలు కొట్టే మంగతో కలిసి ఒకే ఇంట్లో ఉండిపోయింది. మంగకి పావని పుట్టింది. తండ్రెవరో మంగ చెప్పలేదు, ఈమె అడగలేదు. ఎనిమిదేళ్లు ఇద్దరాడవాళ్లూ కలిసి ఆ పిల్లని పెంచారు. ఇంతలో పచ్చకామెర్లతో మంగ పోయింది. సొంతవాళ్లెవరూ లేరని అధికారులు పావనిని బాలసదనంలో చేర్చి, కోర్టు నుంచి కాగితం తెస్తే నీతో పంపుతామన్నారు.

"గుంట నా సేతిలోనే పెరిగింది బాబూ. నన్ను పెద్దమ్మా అంటాది. ఆ కాయితం ఒక్కటీ ఇప్పించండి," అంది కిటికీ ఊచలు పట్టుకుని.

కూర్మారావు గారు అర్జీ తిరగేశారు. "తండ్రి పేరు గడి ఖాళీగా ఉందేటమ్మా?"

"ఆ పేరు నాకు తెల్దు బాబూ."

"తెల్దంటే ఎలాగమ్మా? గడి అన్నాక నింపాలి కదా."

ధన్. నేను పడ్డాను.

రెండోసారి ఆ గడిలో 'తెలియదు' అని రాయించుకొచ్చింది. అది పేరు కాదన్నారు. మళ్లీ ధన్. వచ్చిన ప్రతిసారీ ఆమెకి ఒక రోజు పని పోయేది, రెండు బస్సులు మారాల్సి వచ్చేది. వెళ్తూ వెళ్తూ నా వైపు చూసింది. కరిచే కుక్కని చూసినట్టు చూసింది.

మూడోసారి గడి నిండింది. 'తండ్రి: గున్నయ్య.' కోర్టు బయట అర్జీలు రాసే ఆయన, "ఎవరిదో ఒక పేరు సెప్పీయమ్మా, ఆ స్టాంపు పీడ వదిలిపోద్ది" అంటే, పారిపోయిన తన మొగుడి పేరే చెప్పేసింది. ఇన్నాళ్లకి ఆ మనిషి ఒక పనికొచ్చాడనుకుందేమో పాపం. కూర్మారావు గారి మొహం వెలిగిపోయింది. "చూశావా, కాస్త ఓపిక పడితే పనవుతాది!" అన్నారు. ఆ రోజు నాకు పని పడలేదు.

తండ్రంటూ ఒకడు ఉన్నాక అతనికి నోటీసు వెళ్లాలి కదా! అసలు ముప్పు అక్కడ మొదలైంది. నోటీసులు అందించే కోర్టు అమీను వెళ్తే మనిషి లేడు. పాత ఇంటి తలుపుకి అంటించారు. పేపర్లో వేయించారు. వాయిదా మీద వాయిదా. తండ్రే కాని ఒక తండ్రి కోసం కోర్టు కోర్టంతా ఎనిమిది నెలలు వెతికింది. ఆ ఎనిమిది నెలలూ పిల్ల బాలసదనంలోనే ఉంది. నువ్వు బంధువు కాదు కదా అని సింహాలమ్మని చూడనివ్వలేదు.

చివరికి కొత్తగా వచ్చిన జడ్జిగారు సింహాలమ్మని బోనెక్కించారు. "ఈ గున్నయ్యేనా పిల్ల తండ్రి?" అని అడిగారావిడ.

సింహాలమ్మ బోను కర్ర పట్టుకుంది. "కాదమ్మా. గుంట పుట్టకముందే ఆడు ఎల్లిపోనాడు. రెండుసార్లు స్టాంపు గుద్ది పంపేసినారు, మళ్లీ గుద్దుతారని బయమేసి అబద్దమాడినాను. నన్ను జైల్లో ఎట్టండి. గుంటని మాత్రం అక్కడ ఉంచకండి," అని భోరుమంది.

జడ్జిగారు కాగితాలు వెనక్కి తిప్పి నా ముద్రలు రెండూ చూశారు. ఆ స్టాంపు పట్టుకురమ్మన్నారు. కూర్మారావు గారు నన్ను తెచ్చి ఆవిడ బల్ల మీద పెట్టారు.

"పిల్ల మేలు కోరే స్నేహితులైనా అర్జీ పెట్టుకోవచ్చని సంరక్షకుల చట్టంలో మొదటినుంచీ ఉందండీ. పెళ్లికాని తల్లి, బిడ్డ తండ్రి పేరు చెప్పితీరాలని లేదని పెద్ద కోర్టూ చెప్పింది. మీరు దేని ప్రకారం తిప్పి పంపారు?"

"ఫారం ప్రకారమండీ," అన్నారు కూర్మారావు గారు. అంత సన్నటి గొంతు ఆయనకుందని నాకప్పుడే తెలిసింది.

ఆ రోజే ఉత్తర్వు వచ్చింది. పావనికి సింహాలమ్మే సంరక్షకురాలు. తండ్రి పేరు లేదని ఇకపై ఏ అర్జీనీ తిప్పి పంపకూడదు. ఫారం మార్చాలి. కోర్టులో అందరూ సంతోషించారు, నేనూ బయటపడ్డాననే అనుకున్నాను.

మర్నాడు పిల్లని కోర్టుకి తీసుకొచ్చారు. జుట్టు పొట్టిగా కత్తిరించేశారు. బాలసదనంలో మేడమ్‌ల ముందు నిలబడ్డట్టే చేతులు కట్టుకుని గోడవారగా నిలబడింది.

"మీ పెద్దమ్మతో ఎల్తావా అమ్మా?" అన్నారు కూర్మారావు గారు, కూర్చోమని స్టూలు జరుపుతూ.

పిల్ల కూర్చోలేదు. సింహాలమ్మ వైపు తిరిగి, "ఎల్తాను మేడమ్," అంది.

సింహాలమ్మ చాచిన చేతులు అలాగే ఉండిపోయాయి. "ఏటే, నాను పెద్దమ్మనే!"

"సరే మేడమ్."

ఆ సాయంత్రం కూర్మారావు గారు బ్లేడుతో నా రబ్బరు చెక్కేశారు. రిటైరయ్యాక ఉత్త చెక్క ముక్కనైన నన్ను ఇంటికి తెచ్చుకున్నారు. పేపరు ఎగిరిపోకుండా బరువు పెడతారు, అంతే. తప్పు చేసిన చెయ్యీ, తప్పు చేసిన ముద్రా ఒకే బల్ల దగ్గర కాలక్షేపం చేస్తున్నాం.

మొన్న బస్టాండులో ఆయనకి సింహాలమ్మ కనబడిందట. ఇంటికొచ్చి భార్యకి చెప్తుంటే విన్నాను. ఈయన మొహం దాచుకోబోతే ఆవిడే పలకరించిందట. పిల్ల బాగుందా అని అడిగారట.

"బాగుంది బాబూ. మళ్లీ పెద్దమ్మా అంటంది. నిద్దట్లో ఉలిక్కిపడి లేసినప్పుడే, ఇంకా మేడమ్ అంటాది," అందట.