మేడమెట్ల మీద కటింగ్ షాపు

పదమూడేళ్ళు నిండేసరికి పెద్దదానికి సొంత కటింగ్ షాపు ఉంది. ఇంట్లో ఆ సంగతి తెలియదు. దాచిపెట్టిందని కాదు. ఎవరూ అడగలేదు, అది చెప్పలేదు.

వాళ్ళు అద్దెకుండే భవనంలో ఆఖరి మెట్ల మలుపు దగ్గర, డాబా తలుపు పక్కన ఆ షాపు. వెలుతురు అక్కడ బాగా పడుతుంది. కుర్చీ అంటే బోర్లించిన పెయింటు డబ్బా. మెడకు చుట్టేది పాత కిటికీ తెర, దాన్ని వెనక పట్టి ఉంచేది బట్టలారేసే క్లిప్పు. నీళ్ళు చల్లే సీసా ఒకప్పుడు అద్దాలు తుడిచే మందుది. ఎంత కడిగినా నిమ్మ వాసన పోలేదు. వచ్చే పిల్లలు అది సెంటు అనుకున్నారు, అక్కచెల్లెళ్ళు కాదనలేదు. కత్తెర మాత్రం అమ్మది. అమ్మ ఇంట్లో మిషను పెట్టుకుని వచ్చినవాళ్ళ బట్టలు సరిచేసి ఇస్తుంది. కొత్త కత్తెర ముట్టుకుంటే వీపు చిట్లుతుంది గానీ, పాతది డబ్బాలో ఉందో లేదో ఎవరికీ పట్టదు.

చిన్నది ఆ షాపుకు మేనేజరు. దానికి తొమ్మిదేళ్ళు. నోట్లోంచి మాట ఊడిపడిందంటే ఇక తిరుగులేదు. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది అదే తేలుస్తుంది. తల తడిపేది అదే, తల దులిపేది అదే. ఎవడైనా ఏడుపు ముఖం పెడితే దగ్గరికి వెళ్ళి, "ఏడిస్తే తల కదుల్తుంది. తల కదిలితే చెవి పోతుంది. చెవికి మేం బాధ్యులం కాం," అని మెల్లగా చెప్పేది. దాంతో గప్‌చుప్.

అసలు ఈ విద్య పెద్దదానికి సెలూన్ బెంచీ మీద అబ్బింది. నాన్న వ్యాను మీద సరుకులు వేసే పని చేస్తాడు. సెలవు దొరికితే, అమ్మకు కాస్త ఊపిరాడుతుందని, కటింగ్‌కి పోతూ ఇద్దరినీ వెంటేసుకెళ్ళేవాడు. చిన్నది బెంచీ కింద దూరేది. పెద్దది కదలకుండా చూస్తూ కూర్చునేది. సెలూన్ బాబాయిది నిండు విగ్రహం, వీపు అడ్డం పడి ఎదురుగా ఏమీ కనిపించదు. అందుకని అద్దంలో చూసేది. దువ్వెనతో జుట్టు ఎత్తడం, రెండు వేళ్ళ మధ్య ఇరికించడం, కత్తెరను గాలిలో ఊరికే ఆడించి ఆ ఊపులోనే కోసెయ్యడం. తర్వాతెప్పుడో చిన్నదాని జుట్టులో చూయింగ్ గమ్ అతుక్కుంటే, అమ్మ చూస్తే కొంప మునుగుతుందని పెద్దదే కత్తెర పట్టింది. బాగా కుదిరింది. అమ్మ చూసి, "తల దువ్వుకున్నావా ఏంటే, మనిషిలా ఉన్నావు," అంది. మర్నాడు బళ్ళో ఇద్దరు అడిగారు. ఆ తర్వాత అడగనివాళ్ళే తక్కువ.

పుస్తకంలో రాసేది కుడిచేత్తో, కటింగ్ చేసేది ఎడమచేత్తో. దాన్నీ ఎవరూ పట్టించుకోలేదు.

క్లాసు ఫొటోకి ముందు రోజు మెట్ల నిండా పిల్లలే. పెయింటు డబ్బా మీద బుంగమూతి కూర్చున్నాడు. వాడి మూతి ఎప్పుడూ అలాగే ఉంటుంది, సంతోషంగా ఉన్నప్పుడు కూడా. సగం తల అయింది. అప్పుడు కిందనుంచి అమ్మ కేక.

"పెద్దదానా, ఒకసారి రావే. ఈ కర్టెన్ అంచు పట్టుకోవాలి."

పెద్దది కత్తెర కిటికీ గట్టు మీద పెట్టి, "నేనొచ్చేదాకా కదలకు," అని బుంగమూతికి చెప్పి దిగింది. అంచు పట్టుకోవడంతో పని తీరలేదు. సూదిలో దారం ఎక్కించమంది అమ్మ. స్టవ్వు కట్టేయమంది. కట్టేశాక, అసలు వెలిగించనే లేదని గుర్తొచ్చి వెలిగించమంది.

పైకి వస్తుంటే మెట్ల మీద గోల లేదు. పెద్దది రెండేసి మెట్లు ఎక్కింది. అంతమంది పిల్లలు నోరు మూసుకున్నారంటే ఏదో అయిందనే అర్థం.

చిన్నది చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి ఉంది. బుంగమూతి కుడిచెవి పైన అరచేతిలో సగమంత మేర నున్నగా ఉంది.

"ఏమైంది?"

"నువ్వు రాలేదు. కస్టమర్ తొందరపడుతున్నాడు," అంది చిన్నది.

"నేనేం తొందరపడలేదు," అన్నాడు బుంగమూతి.

పెద్దది చుట్టూ కాస్త సమం చేయబోయింది. సమం చేసేకొద్దీ ఆ నున్నటి చోటు పెరుగుతోంది. ఇంకాస్త చేస్తే తల మొత్తం అదే అవుతుందని అర్థమై కత్తెర దించేసింది. చేతి అద్దం తీసి వాడికే ఇచ్చింది. వాడు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"రేపు ఫొటో," అన్నాడు.

"తెలుసు."

"మా అమ్మ దాన్ని మామ్మకి పంపిస్తుంది."

ఆ సంగతి పెద్దదానికి తెలియదు. అయినా తలూపింది. మెట్ల మీద మిగిలినవాళ్ళతో, "ఇవాళ్టికి షాపు మూసేశాం," అని చెప్పి, వాడి మెడ చుట్టూ ఉన్న తెర విప్పింది.

"ఎక్కడికి?" అంది చిన్నది.

"సెలూన్‌కి."

"అక్కా, ఆయన మనకి పోటీ కదా. పోటీవాళ్ళ దగ్గరికి ఎవరైనా వెళ్తారా?"

"తల వాడిది. పద."

సెలూన్ వీధి మలుపులోనే ఉంది గానీ, ఆ పూట ఆ నాలుగడుగులూ పెద్దదానికి సాగలేదు. లోపల సెలూన్ బాబాయి ఖాళీ కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఈమధ్య ఆ వీధి పిల్లలెవరూ రాకపోవడం ఆయన గమనించకపోలేదు. పిల్లల జుట్టు తన కళ్ళ ముందే పొట్టిదైపోతుంటే, ఎక్కడో ఎవరో కోస్తున్నారని తెలుసుకోవడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. వచ్చిన ముగ్గురినీ చూసి పేపరు మడిచాడు. బుంగమూతిని కుర్చీలో కూర్చోబెట్టి, చెవి పైన వేలితో తడిమాడు.

"ఎవరు చేశారిది?"

"మా షాపులో జరిగింది బాబాయ్," అంది పెద్దది.

"నేనడిగింది అది కాదు."

"షాపు నాది. అందుకని నేనే."

తలుపు పక్క నుంచి చిన్నది ఒక అడుగు లోపలికి వేసింది. "నేనే కోశాను," అంది. అన్నాక దాని ముఖం ముడుచుకుపోయింది. చప్పుడు లేకుండా, ముక్కు కూడా ఎగబీల్చకుండా ఏడుస్తోంది. తన చెల్లెలు అలా ఏడవగలదని పెద్దదానికి అప్పటిదాకా తెలియదు. దగ్గరికి తీసుకోవాలో చూడనట్టు ఊరుకోవాలో పాలుపోలేదు.

సెలూన్ బాబాయి మూల ఉన్న చీపురు చూపించాడు. "ఊరికే నిలబడకపోతే ఆ వెంట్రుకలు ఊడువమ్మా."

చిన్నది ఏడుస్తూనే ఊడ్చింది. బాగానే ఊడ్చింది.

ఆయన గుండు చేస్తాడేమో అని బుంగమూతి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. ఆయన ఆ ఊసే ఎత్తలేదు. రెండు చెవుల పక్కలా పొట్టిగా దించి, పైకి పోయేకొద్దీ కొంచెం కొంచెంగా పెంచుతూ, నడినెత్తి మీద జుట్టు అలాగే ఉంచేశాడు. నున్నటి చోటు ఉందంటే ఉంది, లేదంటే లేదు.

"ఇటు రా," అన్నాడు పెద్దదానితో. "వెనక మెడ దగ్గర మిగిలింది. ఎలా చేస్తావో చూద్దాం."

పెద్దది ఆయన కత్తెర అందుకుని ఎడమచేతికి మార్చుకుంది. కత్తెర రెండు రెక్కలనూ ఒకదానికొకటి అదిమి పట్టి, గాలిలో ఆడించి, ఒద్దికగా కోసుకుపోయింది. ఆయన వంగి ఆ చేతినే చూశాడు.

"ఎడమచేతి వాటమా?"

"కాదు బాబాయ్."

"మరి?"

"మీరు ఎడమచేత్తోనే కదా చేస్తారు."

"నాది కుడిచెయ్యి."

పెద్దది దువ్వెన పట్టుకున్న ఆయన కుడిచేతిని చూసింది. తర్వాత అద్దంలోకి చూసింది. అద్దంలో ఉన్న మనిషి దువ్వెన ఎడమచేత్తో పట్టుకుని తననే చూస్తున్నాడు. తనకు విద్య నేర్పింది ఈయన కాదు, ఆ అద్దంలోని ఆయన.

"ఇది కుడిచేతివాళ్ళ కత్తెర," అన్నాడు సెలూన్ బాబాయి. "ఎడమచేత్తో పడితే తెగదు, నములుతుంది. నువ్వు బొటనవేలితో లోపలికి లాగుతున్నావు. అలా లాగాలని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. లాగకపోతే తెగడం లేదు."

ఆయన కుడిచేత్తో పట్టి చూడమన్నాడు. పట్టింది. పేపరు అంచు కూడా తిన్నగా తెగలేదు. ఇంకోసారి పట్టించి, ఇక లాభం లేదని, "ఉన్నది చెడగొట్టుకోకు," అని వదిలేశాడు.

బుంగమూతిని ఇంటికి పంపించాక అసలు మాటలు మొదలయ్యాయి. అప్పటికి చిన్నది కళ్ళు తుడుచుకుని మళ్ళీ మేనేజరు అయిపోయింది.

"పిల్లల్ని మీరే ఉంచుకోండి," అన్నాడు ఆయన. "వాళ్ళ ఏడుపులు నాకు పడవు. కానీ ఆ మెట్ల మీద వద్దు. సెలవు రోజుల్లో ఇక్కడికి రండి. తలుపు పక్క కుర్చీ ఖాళీగానే ఉంటుంది, నా కళ్ళ ముందుంటుంది."

"పిల్లలంటే ఎప్పటిదాకా?" అంది చిన్నది.

ఆయన ఆలోచించాడు. "మీసం వచ్చేదాకా."

"మీసం రానివాళ్ళో?"

"రాకపోతే ఎప్పటికీ మీవాళ్ళే. ఇంకోటి. నువ్వు కత్తెర ముట్టుకోకూడదు."

చిన్నది చాలాసేపు నేల చూసింది. "నీళ్ళు కొట్టొచ్చా?"

"కొట్టొచ్చు."

ఆ సాయంత్రమే ఆయన చొక్కా మార్చుకుని వీళ్ళింటికి వచ్చాడు, అడిగి చేయడం మర్యాద అని. అమ్మ మిషను ఆపి అంతా విన్నది. కూతుళ్ళ వైపు ఒకసారి చూసింది.

"పాత కత్తెర అంత పదునుగా ఎందుకుందా అనుకుంటున్నా," అంది. నూరించింది పెద్దదే. "నాకు చెప్పుంటే కొత్తది కూడా నూరిపించేదాన్ని కదా." అని మళ్ళీ మిషను తొక్కింది. ఒప్పుకుందో లేదో తెలియక ఆయన కాసేపు గుమ్మంలోనే నిలబడ్డాడు. చివరికి చిన్నదే, "ఒప్పుకుంది బాబాయ్, వెళ్ళండి," అని పంపించింది.

ఫొటో వచ్చింది. బుంగమూతి వెనక వరసలో ఉన్నాడు. వాడి ముందు టీచరు నిలబడింది. ఆమె ఎత్తు కొప్పు వాడి కుడిచెవినీ, దాని పైనున్న సమస్తాన్నీ కప్పేసింది. ఎడమవైపు చూసి మామ్మ చాలా బాగున్నాడందట.

సెలవు రోజుల్లో తలుపు పక్క కుర్చీ ఖాళీ ఉండటం లేదు. పెద్దదానికి పని పట్టుబడింది. కానీ మెట్ల మీద లేని ఆ పెద్ద అద్దంలోకి చూపు పోకుండా, నేరుగా తలనే చూడటం అలవాటు చేసుకోవడానికి కొన్నాళ్ళు పట్టింది.

ఒక మధ్యాహ్నం వాన. షాపులో ఎవరూ లేరు. చిన్నది బెంచీ మీద ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోంది. సెలూన్ బాబాయి మెడ వెనక జుట్టు కాలరు దాటి పెరిగిపోయింది. ఆయనకు ఎప్పుడూ చేసే స్నేహితుడు దుకాణం ఎత్తేసి కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆయన కిటికీలోంచి వానను చూశాడు. పెద్దదాన్ని చూశాడు. వచ్చి తలుపు పక్క కుర్చీలో కూర్చుని, గుడ్డ తనే చుట్టుకున్నాడు.

పెద్దది కత్తెర తుడిచి అందుకుంది. ఇంత పెద్ద తల అది ఎప్పుడూ చేయలేదు. పైగా ఈ తలకు అన్నీ తెలుసు. తడిపింది, దువ్వింది, మొదలుపెట్టింది. చేస్తున్నంతసేపూ ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు. అయ్యాక అద్దంలో చాలాసేపు చూసుకున్నాడు.

"ఎడమపక్క కాస్త ఎక్కువ తీశావు."

"కుడిపక్క కూడా సరిచేస్తా బాబాయ్."

"వద్దు. ఉండనీ."

లేచి గుడ్డ దులిపాడు. వాన తగ్గితే టీ తాగొస్తానని చెప్పి, తగ్గకుండానే గొడుగు తీసుకుని బయటికి నడిచాడు. పెద్దది గుమ్మంలో నిలబడి, వీధి చివర గొడుగు మలుపు తిరిగేదాకా, దాని కింద ఆ మెడ వెనక గీత తిన్నగా వచ్చిందా లేదా అని చూస్తూనే ఉంది.