ఒత్తు తెగకూడదు

చిన్నకోటయ్యకు పాట రాదు. మీసం మొలవకముందు నుంచీ అతడి చేతిలో ఉన్నది ఒత్తు. సన్నాయి పాట కింద ఒకే స్వరాన్ని ఎడతెగకుండా మోసే గొట్టం అది. దానికి వేళ్ళతో పనిలేదు. బుగ్గల్లో గాలి నిలుపుకుని, ముక్కుతో పీలుస్తూ, ఊదుతూనే ఉండాలి.

"ఒకే కూత కూసేదానికి మళ్ళా మెళ్ళో కండవా ఒకటి!" అని పెళ్ళాం పిచ్చమ్మ ఎకసెక్కాలాడేది.

పాట అబ్దుల్ రహీంది. ఊరి వరసకు మామ. కార్తీక సోమవారాల్లో శివాలయంలో తెల్లవారి సన్నాయి ఆ ఇంటివాళ్ళ సేవ, తాతలనాటి నుంచీ. కుర్రతనంలో కోటయ్య పాట నేర్పమని వెంటపడితే రహీం నవ్వాడు.

"నేను తప్పితే జనానికి తెలుస్తది. నువ్వు తప్పితే సామికి తెలుస్తది. ఆరతి కళ్ళకద్దుకునేదాకా ఒత్తు తెగగూడదురా. అదే నీ జపం."

పెళ్ళిళ్ళకు డీజేలు వచ్చాక రహీం కంకర మిల్లులో కూలికి పోయాడు. ఆ దుమ్మంతా రొమ్ములో పేరుకుంది. ఇక ఊదొద్దని నరసరావుపేట డాక్టరు గట్టిగా చెప్పాడు. ఈ కార్తీకంలో మొదటి మూడు సోమవారాలూ మంచం మీదే గడిచాయి.

చివరి సోమవారం కోటయ్య వెళ్ళేసరికి రహీం స్నానం చేసి, ఉతికిన పంచె కట్టి, సన్నాయి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"అత్తా, నువ్వన్నా చెప్పరాదూ?"

"నా మాట ఎప్పుడు విన్నాడయ్యా?" అంది రహీం భార్య కరీమున్నీసా. "నమాజుకి కుర్చీ ఏపిచ్చుకుంటాడు. గుడికాడికి మాత్రం నడిచిపోతాడంట."

"ఒక్క ఆరతి, కోటయ్యా," అన్నాడు రహీం. "మళ్ళా కార్తీకం దాకా నేనుండను. ఒక్క ఆరతి నిండుగా ఊది వస్తా."

దారిలో నాలుగుచోట్ల ఆగి, గుడి చేరారు. మండపంలో గుడి పెద్ద పుల్లారావు ఎదురొచ్చాడు.

"నీకెందుకు మామా ఈ యాతన? స్విచ్చేస్తే గంటా డోలూ మిషనే కొట్టుకుంటది గదా?"

"దానికి ఆయాసం రాదుగా, పుల్లారావూ. ఆయాసపడకుండా చేస్తే సేవెట్టా అయిద్ది?"

కోటయ్య ఒత్తు అందుకున్నాడు. ఆ స్వరం మీద రహీం భూపాల రాగం ఎత్తాడు. రెండు వరసలు చక్కగా లేచాయి. మూడో వరస సగంలో విరిగింది. దగ్గు తెర ఆయన్ని ఒంచేసింది. కండువాతో నోరు తుడుచుకుని మళ్ళీ సన్నాయి పీక పెదాల మధ్య పెట్టాడు. బుగ్గలు నిండలేదు.

లోపల పూజారి కర్పూరం వెలిగించాడు.

రహీం సన్నాయి దించలేదు. వేళ్ళు కదిపాడు. చప్పుడు లేదు. వేళ్ళు మాత్రం రంధ్రాల మీద నడుస్తున్నాయి.

"పాటేదమ్మా? వట్టి గొట్టమే మోగుతందేంది?" అని వెనక ఎవరో ఆడమనిషి.

కోటయ్యకు పాట వినిపిస్తూనే ఉంది. ఏ వేలు లేస్తే ఏ మలుపో అతడికి తెలుసు. ఒత్తు ఉన్నంతసేపే ఆ పాట. ఏడుపు తన్నుకొచ్చింది. ఏడిస్తే ముక్కు పూడుకుపోతుంది, ముక్కు పూడితే ఊపిరి తెగుతుంది. కళ్ళు పెద్దవి చేసి, నంది మూపు మీద చూపు నిలిపి, ఊదాడు. పుల్లారావు స్విచ్చు దాకా పోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

హారతి పళ్ళెం మండపంలోకి వచ్చింది. రహీం పాట ముగించాడు. ఆఖరి వేలు నెమ్మదిగా మూసి, సన్నాయి ఒళ్ళో పెట్టి, మంట మీద రెండు చేతులూ చాపి కళ్ళకద్దుకున్నాడు. కోటయ్య ఇంకా ఊదుతూనే ఉన్నాడు.

"అయిపోయింది. దించరా."

కోటయ్య తల అడ్డంగా ఊపాడు.

రహీం మళ్ళీ మంట మీద చేతులు కాచి, ఆ వెచ్చని అరచేతులు తెచ్చి కోటయ్య కళ్ళ మీద పెట్టాడు. చేతులు తడిసాయి.

"దించు, నాయనా. అందింది."

ఒత్తు ఆగింది. రహీం రొమ్ములో పిల్లికూతలు ఒక్కటే వినపడుతున్నాయి.