నీళ్లు ఆగిన చోటు

హాతీరాం వైరా కాలవ మీద లస్కర్. పొద్దున్నే తూముల తలుపులు ఎత్తుకుంటూ కట్ట వెంట పోయేవాడు. వెనకాలే ఆయన భార్య పూలి చెవి ఒగ్గి నడిచేది. నీళ్లు ఎక్కడ ఆగినా, నేలలోతున గొట్టంలో ఆగినా సరే, ఆమెకు వినబడేది. ఆమె చూపిన చోట తవ్వితే చెత్తో, చచ్చిన తాబేలో బయటపడేది. తండాలో ఎవరూ దీన్ని వింతగా అనుకోలేదు. ఇంజనీరైతే జీపు పంపి మరీ పిలిపించుకునేవాడు.

తొంభై మూడులో హాతీరాం కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లని పసరు తాగించారు. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చాయి. ఒళ్లంతా దురద, అన్నం చూస్తే వెగటు. ఒకరోజు పూలి ఆయన డొక్క మీద చెవి పెట్టి, గాబరాగా లేచింది.

"ఇది పసరుతోని అయ్యేది కాదు. లోపల కాలవ ఆగింది. హైదరాబాదు పోదాం, జల్దీ నడువ్."

పెద్ద దవాఖానాలో డాక్టర్ వెంకటరామారావు కెమెరా గొట్టాన్ని హాతీరాం నోట్లోంచి చిన్నపేగు దాకా దింపి టీవీలో చూస్తున్నాడు. పిత్తనాళం, క్లోమనాళం కలిసి పేగులోకి తెరుచుకునే చోటు అది. మందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తే నాళం ఉబ్బి కనిపించింది. రాయి లేదు. దాని మూతి మాత్రం నున్నగా ఉంది.

"ఇక్కడేం లేదు. పిత్తం దిగేలా నాళంలో ప్లాస్టిక్ గొట్టం పెట్టి ఇంటికి పంపిద్దాం," అన్నాడు నర్సుతో.

తలుపు దగ్గరున్న పూలి లోపలికి వచ్చింది. "సారూ, మూతి మంచిగనే ఉన్నది. దాని వెనకాల, గోరంత లోపలికి అడ్డం పడ్డది. ఆడ తన్నుకులాడుతున్నయ్ నీళ్లు."

డాక్టరు ఆమె వైపు తిరిగాడు. "ఎడమకా, కుడికా?"

"కుడికి. ఇంక కొంచెం... అవ్, గదే."

డాక్టరు మూతిని సన్నగా కోసి, లోపలి నుంచి ఆవగింజంత ముక్కలు మూడు తీశాడు.

ఐదో రోజున రిపోర్టు వచ్చింది. డాక్టరు ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు. "క్యాన్సరే. కానీ ఇంకా పాకినట్టు లేదు, తీసేయొచ్చు. ఆ రోజు గొట్టం పెట్టి పంపేసి ఉంటే ఏడాదికల్లా చెయ్యి దాటిపోయేది."

"బతుకుతడా సారూ?"

"పెద్ద ఆపరేషనే తల్లీ. కానీ జబ్బు ఇంత తొందరగా దొరికినవాళ్లలో చాలామంది బతికారు."

ఆపరేషన్‌కు ఏడు గంటలు పట్టింది. పదకొండో రోజున నర్సు గంజి తెచ్చింది. హాతీరాం ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు.

"ఏందే పూలీ, ఇంత చప్పగున్నది? ఉప్పేదీ?"

పూలి లేచి, పక్క మంచం దగ్గరున్న ముసలమ్మను చిటికెడు ఉప్పు అడగబోయింది. ముసలమ్మ చెయ్యి పట్టుకుని, అక్కడే కింద కూలబడి, నవ్వుతూ ఏడ్చింది.