గోడకు అవతల ఎవరు?

నేను ఒక జారుడు పళ్ళేన్ని. నగర శివార్లలోని ఒక పరిశోధనశాల కోసం వడ్రంగి నన్ను టేకు పలకతో చేశాడు. నా వెనక నుంచి ఒక తాడు వెళుతుంది. దాని రెండు కొసలనూ ఇద్దరు ఒకేసారి లాగితేనే నేను అరటిపండు ముక్కలతో ముందుకు జారతాను. ఒక్కరే లాగితే తాడు ఊడి చేతికొస్తుంది, పండు మాత్రం రాదు.

నన్ను లాగేవి మార్మోసెట్లు. గుప్పెడంత కోతులు, పిల్లల్ని అందరూ కలిసి పెంచుకునే జాతి. ఆడదాని పేరు బొట్టు, మగదాని పేరు జూలు.

శాస్త్రవేత్త సువర్చలకు దేన్నీ ఊరికే నమ్మే అలవాటు లేదు. నన్ను కూడా మొదట తిరగేసి, మూలమూలా తడిమి చూసింది. ఆమె దగ్గర పరిశోధన చేస్తున్న ఫణీంద్ర మాత్రం ఇట్టే సంబరపడిపోయే మనిషి.

రెంటి మధ్యా చెక్కగోడ పెట్టారు. జూలు గోడ అవతలికి వెళ్ళడం బొట్టు చూసింది. తర్వాత జూలు దానికి కనపడలేదు. అయినా జూలు తన కొస పట్టుకునేదాకా బొట్టు ఆగి, అప్పుడే లాగింది.

"చూశారా మేడమ్! అవతల వాడేం చేస్తున్నాడో మనసులో ఊహించుకుంటోంది!"

"నీ మొహం చూసి లాగుతోందేమో. నువ్వు బయటికెళ్ళు."

ఫణీంద్ర మొహం మాడిపోయింది. తాను సైగ చేస్తున్నానని మేడమ్ అనుకుంటోందన్న మాట అతన్ని చాలా రోజులు తొలిచింది. అతను లేకపోయినా బొట్టు సరిగ్గానే లాగింది. సువర్చల శాంతించలేదు. జూలు పట్టుకోగానే తాడు కదులుతుంది కదా, ఆ కదలికే గుర్తేమో!

అందుకని బొట్టు చూస్తుండగానే జూలును గదిలోంచి తీసుకెళ్ళిపోయారు. ముందే గోడ వెనక నక్కిన ఫణీంద్ర తాడును అచ్చం జూలులాగే కదిపాడు.

బొట్టు కొస పట్టుకుంది. లాగలేదు. తాడు వదిలేసి, గోడ కింది సందులోంచి తొంగి చూసింది. అంత అనుమానం నేను సువర్చల కళ్ళలో తప్ప ఎక్కడా చూడలేదు.

"లాగిందా మేడమ్?" గోడ వెనక నుంచి ఫణీంద్ర గొంతు.

"లేదు ఫణీంద్రా. లాగలేదు!" అంది సువర్చల. "జూలు లేడని దానికి తెలుసు."

అతను గెంతులేస్తాడనుకున్నాను. దుమ్ము దులుపుకుంటూ వచ్చి, తాడును ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"నా చేతి వాసన పట్టేసిందేమో మేడమ్."

సువర్చల ఆ తాడును అక్కడికక్కడే విప్పేసింది. మర్నాడు కొత్త తాడు కట్టి, చేతికి తొడుగులు వేసుకుని మళ్ళీ చేశారు. బొట్టు మళ్ళీ వదిలేసింది. జూలును తిరిగి పంపగానే లాగింది.

ఇప్పుడు నేను సామాన్ల గదిలో ఉన్నాను. నన్ను ఇక్కడికి మోసుకొస్తున్నప్పుడు ఒక పక్క ఆమె పట్టుకుంది, ఇంకో పక్క అతను.

"ఆ రోజు నిన్ను బయటికి పంపాల్సింది కాదు," అంది సువర్చల.

"పంపాల్సిందే మేడమ్," అన్నాడు ఫణీంద్ర.