పక్క కౌంటీ కంది పొడి

తప్పులు పట్టడం నా ఉద్యోగం. ఆఫీసులో టెస్టింగ్ టీమ్ నాది. ఎవరో కష్టపడి రాసిన ప్రోగ్రామ్ ఎక్కడ ముట్టుకుంటే కూలుతుందో వెతికి పట్టుకున్నందుకు నాకు జీతమిస్తారు. కాబట్టి శాంతి నా ఎదురుగా నిలబడి, చంద్రిక చేసిన కంది పొడి గురించి లొట్టలేసుకుంటూ చెబుతుంటే నేను నవ్వి ఊరుకుంటాననుకున్నవాళ్ళకి నేనెవరో తెలియదన్నమాట.

మా గుడిలో ఉగాది రోజున తిండి స్టాళ్ళన్నీ శాంతే చూస్తుంది. అందులో పొడుల స్టాల్ నాది. ఈ అరోరాలో మేం ఇల్లు కొనుక్కున్న ఏడాది నుంచీ నాదే. పిండివంటలకి మనుషులు మారారు, పులిహోరకి మారారు, పొడులకి మాత్రం పద్మజ. చంద్రిక నిన్నగాక మొన్న డాలస్ నుంచి వచ్చింది. మా వెనకున్న చెరువుకి అవతలి గట్టున ఇల్లు. వచ్చీ రాగానే గాజు సీసాలు, వాటికి ఆకుపచ్చ లేబుళ్ళు, వాట్సాప్‌లో ఆర్డర్లు.

"ఏమనుకోకే పద్మా," అంది శాంతి. "ఈసారి పొడులు చంద్రికకిద్దామా అంటున్నారు కమిటీలో. ప్యాకింగ్ అదీ చాలా ప్రొఫెషనల్‌గా ఉంది. నువ్వు కూడా కాస్త రెస్ట్ తీసుకోవచ్చు."

"నేను అలిసిపోయానని ఎవరన్నారు?"

"అబ్బా, అది కాదే. వచ్చే ఆదివారానికల్లా ఫైనల్ చెయ్యాలి. ఆలోచించు."

ఆలోచించడానికేముంది, ఒళ్ళు మండిపోయింది. కుళ్ళే. దానికి ఇంకో మంచి పేరు పెట్టాల్సిన అవసరం నాకు కనబడలేదు. దానికి తోడు, కిందటి నెల శాంతి వాళ్ళింట్లో భోజనాలప్పుడు మా ఆయన చక్రపాణి ఆ పొడి కలుపుకుని "బావుందే" అన్నాడు. రెండక్షరాలు ఎక్కువ సాగదీసి అన్నాడు. పెళ్ళయి ఇన్నేళ్ళలో నా పొడిని ఆయన ఎప్పుడూ అలా సాగదీయలేదు. పైగా దాంట్లో వెల్లుల్లి ఉంది. వెల్లుల్లి వేసినదాన్ని మా ఇంట్లో కంది పొడి అనరు.

ఇంట్లో వండి బయట అమ్మాలంటే కౌంటీ, అదే మన జిల్లా లాంటిది, దాని ఆరోగ్య శాఖలో రిజిస్టర్ చేసుకోవాలని ఆఫీసులో ఒకమ్మాయి కేకుల వ్యాపారం పెట్టినప్పుడు విన్నాను. ఆ మాట చటుక్కున గుర్తొచ్చింది. ఈ చంద్రిక చేసుకుందా? చేసుకుని ఉండదు. లేబుల్ అంటించినంత మాత్రాన అయిపోతుందా? కౌంటీ వెబ్‌సైట్ తెరిస్తే పబ్లిక్ రికార్డులు కావాలనుకునేవాళ్ళ కోసం ఒక పేజీ ఉంది. మన దగ్గర సమాచార హక్కు లాంటిదే. పేరు, ఈమెయిల్, ఏ రికార్డు కావాలో రాయడం, అంతే. ఎందుకు కావాలని కూడా అడగలేదు. అడిగితే ఏం రాసేదాన్నో నాకే తెలియదు.

చంద్రిక పూర్తి పేరు, ఇంటి అడ్రస్ రాసి, ఈమె పేరు మీద ఇంటి వంటల రిజిస్ట్రేషన్ ఏదైనా ఉంటే కాపీ పంపండని కొట్టి పంపించాను. వారం తిరక్కుండా జవాబొచ్చింది. ఎంత మర్యాదగా ఉందో! మా రికార్డులన్నీ వెతికాం, మీరడిగినది మా దగ్గర ఏదీ లేదు, అని.

లంచ్ కూడా తినకుండా శాంతికి ఫోన్ చేశాను.

"చంద్రికకి రిజిస్ట్రేషన్ లేదటే! కౌంటీ వాళ్ళే రాసిచ్చారు. రేపు ఎవరికన్నా కడుపునొప్పి వస్తే గుడికి చెడ్డపేరు కదా?"

శాంతి గొంతు తగ్గించింది. "అడిగింది నువ్వని దానికి తెలుస్తుందేమోనే."

"ఎలా తెలుస్తుంది? గవర్నమెంట్ ఆఫీసు వాళ్ళకి అదే పనా? నువ్వు చెప్పకు, చాలు."

శాంతి నా పేరు చెప్పలేదు, పాపం. కౌంటీలో నీ రిజిస్ట్రేషన్ లేదని వాళ్ళే రాసిచ్చారట, కాబట్టి ఈసారికి కుదరదని మాత్రం చంద్రికకి చెప్పింది. స్టాల్ నాకే వచ్చింది. ఆ శనివారం ఇండియన్ స్టోర్‌కి వెళ్ళి కందిపప్పు, ఎండుమిరపకాయలు కారు డిక్కీ నిండా తెచ్చుకున్నాను. చక్రపాణి సంచులు మోస్తూ, "ఇంత ఎందుకు?" అన్నాడు. "ఈసారి జనం ఎక్కువొస్తారు," అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడాన్ని నేను అప్పుడే పట్టుకోవాల్సింది.

తర్వాతి బుధవారం సాయంత్రం డోర్‌బెల్ మోగింది. గుమ్మంలో చంద్రిక. చేతిలో మడత పెట్టిన కాగితం. కోపంగా ఉంటే నాకు సుఖంగా ఉండేది, నేనూ నాలుగు అనేదాన్ని. అలసిపోయినట్టుంది.

"లోపలికి రావచ్చా పద్మజక్కా?"

వచ్చి సోఫా అంచున కూర్చుంది. చక్రపాణి టీవీ ఆపాడు. చంద్రిక కాగితం విప్పి టీపాయ్ మీద పెట్టింది. నా రిక్వెస్ట్. పైన నా పేరు, నేను కొట్టిన ప్రతి అక్షరం, కింద వాళ్ళ జవాబు.

"శాంతక్క అలా చెప్పేసరికి నాకేం అర్థం కాలేదక్కా. సెలవు పెట్టి ఆ కౌంటీ ఆఫీస్‌కి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాను. నా గురించి మీరేం రాసిచ్చారు అని అడిగితే, కౌంటర్‌లో ఆవిడ ఇది ప్రింట్ తీసి ఇచ్చింది. వాళ్ళకొచ్చే రిక్వెస్టులు కూడా పబ్లిక్ రికార్డులేనట. ఎవరడిగినా ఇస్తారట."

నాకు తల కొట్టేసినట్టయింది. అయినా నోరు ఊరుకోదు కదా. "ఇప్పుడేమంటావు? రిజిస్ట్రేషన్ లేనిమాట నిజమే కదా?"

"ఉందక్కా. మాది మీ కౌంటీ కాదు."

"అదేంటి? చెరువుకి ఇటు మేము, అటు మీరు. ఒకే లైబ్రరీ, ఒకే నీళ్ళ బిల్లు!"

"ఊరు ఒకటే. కౌంటీ చెరువు దగ్గర మారిపోతుంది. అరోరా నాలుగు కౌంటీల్లో ఉంది కదా. నేను పక్క కౌంటీలో రిజిస్టర్ చేసుకున్నాను. ఇల్లు కొన్నప్పుడు ట్యాక్స్ పేపర్ల మీద చూసుంటారే, మీది ఏ కౌంటీయో."

చూశాను. మాది ఏదో నాకు తెలుసు. ఆవిడది వేరే అయి ఉండొచ్చన్న ఆలోచనే నాకు రాలేదు. ఆఫీసులో ఇలాంటి తప్పు ఇంకెవరైనా చేసి ఉంటే మీటింగ్‌లో అందరి ముందూ నిలబెట్టి కడిగేసేదాన్ని.

"నన్నడిగితే నేనే చెప్పేదాన్ని కదక్కా," అంది చంద్రిక. "అసలు అడగక్కర్లేదు కూడా. ఏ కౌంటీయో, రిజిస్ట్రేషన్ నంబరేంటో ప్రతి సీసా మీదా రాయాలి, అది రూల్. లేబుల్ మీదే ఉంటుంది."

"నీ లేబుల్ మీద ఏం రాసుందో నాకెలా తెలుస్తుంది? మా ఇంట్లోకి నీ పొడి ఎప్పుడూ రాలేదు," అన్నాను. కాస్త గర్వంగానే అన్నాను.

చంద్రిక నావైపు చూడలేదు. చక్రపాణి వైపు చూసింది. చక్రపాణి రిమోట్ వైపు చూశాడు.

ఆవిడ వెళ్ళిపోయాక నేను తలుపేసి వచ్చాను. ఆయనే లేచి గరాజ్‌లోకి వెళ్ళి, పాత పెయింట్ డబ్బాల వెనక నుంచి సీసా తీసుకొచ్చి వంటింటి గట్టు మీద పెట్టాడు. సగానికి పైగా అయిపోయింది. ఆకుపచ్చ లేబుల్. అడుగున పక్క కౌంటీ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, కళ్ళద్దాలు లేకుండా నేను చదవగలిగినంత పెద్ద అక్షరాలు. వారం రోజులు కౌంటీ చేత వెతికించినది మా గరాజ్‌లోనే ఉంది.

"ఎప్పట్నుంచి?"

"ఆఫీస్‌కి తీసుకెళ్తున్నానంతే. నువ్వు ఫీలవుతావని..."

ఫీలవడం కాదు. ఆయన ఇంకో ఆడదాన్ని సినిమాకి తీసుకెళ్ళాడని తెలిసినా నాకింత మండేది కాదేమో. రోజూ పొద్దున్నే లేచి ఆయన డబ్బాలో నేను అన్నం పెడుతున్నాను. ఆ అన్నంలో ఈ పొడి కలుపుకుంటున్నాడు.

శాంతికి చెప్పక తప్పదు. చెప్పాను, కౌంటీలు కలగాపులగం అయ్యాయని. శాంతి అంతా విని, "సరేలే, చంద్రికకి నేను సారీ చెప్తాను," అని, "ఒక మాట అడుగుతాను పద్మా, తప్పుగా అనుకోకు. నీది రిజిస్టర్ అయ్యుందా?" అంది.

నేను స్టాల్లో అమ్మేది జిప్‌లాక్ కవర్లలో. మీద మార్కర్‌తో 'కంది' అని రాస్తాను.

"గుడిలో అమ్మడానికి కూడా కావాలా ఏంటి?"

"నువ్వే కదే అన్నావు, ఎవరికన్నా కడుపునొప్పి వస్తే అని. ఆ మాట నేను కమిటీలో చెప్పేశాను. ఇప్పుడు అందరూ రిజిస్ట్రేషన్ ఉంటేనే అంటున్నారు."

పొడుల స్టాల్ చంద్రికకి వెళ్ళింది. వెళ్ళడమేంటి, నేనే మోసుకెళ్ళి ఇచ్చినట్టయింది.

ఆ రాత్రి భోజనానికి రెండు సీసాలూ టేబుల్ మీద పెట్టాను. ఒకటి వంటింట్లో నాది, ఒకటి గరాజ్‌ది. వేడి అన్నం, నెయ్యి. చక్రపాణి రెండింటినీ చూశాడు, నన్ను చూశాడు. నా సీసా మూత తీసి నాలుగు చెంచాలు వేసుకున్నాడు. ఎప్పుడూ రెండే వేసుకుంటాడు. భయపడి వేసుకున్నాడు. కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకుని, "బావుంది," అన్నాడు, చప్పున.

సాగదీయలేదు.

నేను చంద్రిక సీసా దగ్గరికి లాక్కున్నాను. వెల్లుల్లి పొట్టుతోనే వేయించినట్టుంది, ఎక్కడా పచ్చివాసన లేదు. పప్పు నాకన్నా ఒక రంగు ఎక్కువ వేగింది. తప్పు ఎక్కడుందా అని వెతుక్కుంటూ మొదటి ముద్ద తిన్నాను, రెండోది తిన్నాను. దొరకలేదు. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. కారం ఎక్కువైందని ఆయనతో అన్నాను.

"అవును, ఎక్కువే," అన్నాడు చక్రపాణి. నా చేతిలోని సీసా మీంచి మాత్రం కళ్ళు తిప్పుకోలేదు.

"వేసుకోండి," అన్నాను, ఆయన వైపు తోస్తూ.